ఇంటి దగ్గర చిన్న జీవాల పెంపకం: పందులు, మేకలు, కోళ్లు – తరచుగా అడిగే ప్రశ్నలు

కుటుంబం మొత్తం కలిసి చూసుకోగలిగినన్ని జీవాలను పెంచాలనుకునేవాళ్లు మొదటి ఏడాదిలో అడిగే ప్రశ్నలివి. పందుల కొలతలు, మోతాదులు మెరుగైన జాతులకు ఇచ్చాం. నాటు జాతులు తక్కువ తింటాయి, నిదానంగా పెరుగుతాయి. ఒక్క మాట ముందే చెప్పాలి. జీవం ఇంటికొచ్చే రోజుకు నీళ్లు, కంచె, పాక, నెలకు సరిపడా దాణా సిద్ధంగా ఉండాలి. మొదటి ఏడాది నష్టాల్లో చాలావరకు ఈ వరస తప్పడం వల్లే వస్తాయి.

ఏ జీవంతో మొదలుపెట్టాలి?

కోళ్లతో. పది, పన్నెండు పెట్టలు చాలు. రెండుపూటలా మేత వేయడం, సాయంత్రం తలుపు మూయడం, ముడుచుకుని కూర్చున్నదాన్ని చూడగానే పసిగట్టడం లాంటి అలవాట్లు కోళ్ల దగ్గర తక్కువ నష్టంతో వస్తాయి. మూడు, నాలుగు నెలలు గడిచాక పాలు మానిన రెండు పంది పిల్లలను తెచ్చి, బరువుకొచ్చేదాకా పెంచి అమ్మండి. ఆ ఒక్క విడతతో మీ పాకలో లోపమెక్కడుందో, దాణా ఎంతవుతుందో, కొనేవాళ్లెవరో తెలిసిపోతుంది. తల్లి పందిని రెండో ఏడాదికి వాయిదా వేయండి. ఈత పని చేతికి అలవాటు లేకుండా చూడి పందిని కొంటే తొలి ఈతలోనే చాలా పిల్లలు పోతాయి. మేత పెంచుకునే భూమి ఉంటే మేకలు. ఆవు, గేదెల సంగతి ఆ తర్వాత చూసుకోవచ్చు.

ఒక్క పంది పిల్ల చాలదా?

చాలదు. పంది మందలో బతికే జీవం. ఒంటరిగా ఉంటే సరిగా తినదు, కంచె తోసుకుని బయటపడాలని చూస్తుంది. రెండు ఉంటే పోటీపడి తింటాయి, చలికి ఒకదానినొకటి ఆనుకుని పడుకుంటాయి. రెండూ ఒకే ఈత పిల్లలైతే మేలు. ముఖపరిచయం లేని పందులను కలిపితే పెద్దరికం తేలేదాకా, అంటే ఒకటి రెండు రోజులు, గట్టిగా కొట్టుకుంటాయి. తప్పనిసరిగా కలపాల్సివస్తే సాయంత్రం చీకటిపడే వేళ, రెండింటికీ కొత్తదైన గదిలో, కడుపునిండా మేత పెట్టాక కలపండి.

పిల్లలను కొనేటప్పుడు ఏం చూడాలి?

వయసు ఎనిమిది వారాలు, బరువు 12 నుంచి 18 కిలోలు. పిల్లను ఒంటరిగా చూసి కొనకండి, తల్లినీ తోబుట్టువులనూ కలిపి చూడండి. తోకకింద తడిగా ఉంటే పారుడు ఉన్నట్టు. చెవుల వెనక, తొడల లోపల చర్మం గరుకుగా ఉండి గోక్కుంటుంటే గజ్జి. బొడ్డు దగ్గర మెత్తటి ఉబ్బు ఉంటే హెర్నియా, దాన్ని వదిలేయండి. దగ్గు, తుమ్ములు, కుంటి నడక ఉన్నా అంతే. పెంపకానికి ఉంచుకునే ఆడపిల్లకు కనీసం 12, వీలైతే 14 చనుమొనలుండాలి. అవి లోపలికి ముడుచుకుపోకుండా రెండు వరసల్లో సమానంగా ఉండాలి.

తెచ్చినవాటిని పాతవాటికి దూరంగా నాలుగు వారాలు ఉంచండి. మేత ముందు పాతవాటికి, చివర కొత్తవాటికి. రెండు చోట్లకూ వేరే బకెట్లు, వేరే బూట్లు. అమ్మినవాళ్ల దాణా వారానికి సరిపడా అడిగి తెచ్చుకుని, మీ దాణాను అందులో రోజురోజుకూ పెంచుతూ కలపండి. ఒక్కరోజులో మేత మార్చేస్తే పారుడు పట్టుకుంటుంది.

పాక ఎలా కట్టాలి?

ఎదిగిన పందికి పడుకోవడానికే ఒక చదరపు మీటరు కావాలి. తినడానికి, పేడ వేయడానికి చోటు కలుపుకుంటే రెండింటికి 3 మీటర్ల పొడవు, 2.5 మీటర్ల వెడల్పు గది సరిపోతుంది. ఈనిన పందికి, పిల్లలకు 7 నుంచి 9 చదరపు మీటర్లు. గోడ 1.1 నుంచి 1.2 మీటర్ల ఎత్తు వరకు సందులేకుండా ఉండి, ఆపైన కప్పు దాకా గాలి ఆడాలి. ఎండ తీవ్రంగా ఉండే చోట పాక పొడవు తూర్పు పడమరలుగా పెడితే ఎండ లోపలికి తక్కువ పడుతుంది.

నేల విషయంలో పొరపాటు చేస్తే తర్వాత దిద్దుకోవడం కష్టం. సిమెంటును నున్నగా తాపీతో లాగేస్తే పందులు జారి తొడలు విరుచుకుంటాయి. మరీ గరుకుగా వదిలేస్తే గిట్టలు అరిగి పుండ్లు పడతాయి. పచ్చిగా ఉండగానే గట్టి చీపురుతో గీతలు గీస్తే చాలు. వాలు మీటరుకు 2.5 సెంటీమీటర్ల చొప్పున కాలువ వైపు ఉండాలి.

పంది తన పడక దగ్గర మలం వేయదు. తడిగా, చల్లగా ఉన్న మూలను వెతుక్కుంటుంది. అందుకని నీళ్ల కుళాయి పల్లపు మూలలో, తొట్టి ఎత్తు వైపు పెట్టండి. పిల్లలను దింపే ముందు ఆ పల్లపు మూలను తడిపి కాస్త పేడ వేయండి, మిగతా నేల మీద పొడి గడ్డి పరచండి. తొలి రెండు రోజుల్లో ఎక్కడ అలవాటుపడితే చివరిదాకా అక్కడే వేస్తాయి. రోజూ కడిగే శ్రమ సగం దీంతోనే తగ్గుతుంది.

తొట్టి పొడవు ఎదిగిన పందికి 30 సెంటీమీటర్లు, తల్లి పందికి 50. అన్నీ ఒకేసారి తినే చోటు లేకపోతే బలహీనమైనది వెనకబడుతుంది.

కంచె ఎంత గట్టిగా ఉండాలి?

పంది కంచెను ఎగిరి దాటదు, మూతితో కిందినుంచి ఎత్తుతుంది. కాబట్టి బలమంతా అడుగునే ఉండాలి. అల్లిక వల అడుగు అంచును నేలకు బిగించి, లోపలివైపు ఒక ముళ్లతీగ నేలకు ఆనించి లాగండి. గేటును కూడా ఇలాగే పైకెత్తి కీలు నుంచి ఊడదీస్తుంది. పై కీలు మేకును తలకిందులుగా, మొన కిందికి ఉండేలా బిగిస్తే ఎత్తలేదు.

కరెంటు తీగ పందులకు బాగా పనిచేస్తుంది. కరెంటు తీగంటే ఇంటి కరెంటును తీగకు కలపడం కాదు, అలా చేస్తే మనుషులు చనిపోతారు. ఎనర్జైజర్ అనే పరికరం సుమారు సెకనుకోసారి అతి స్వల్పకాలం షాక్ పంపుతుంది, దాన్నే వాడాలి. పెద్దవాటికి నేల నుంచి 20, 45 సెంటీమీటర్ల ఎత్తుల్లో రెండు తీగలు. పిల్లలుంటే 10 నుంచి 15 దగ్గర ఇంకొకటి. కొత్త పంది షాక్ తగలగానే వెనక్కి కాక ముందుకు దూకుతుంది. అందుకే గట్టి గోడలున్న గదిలో తీగ కట్టి రెండు, మూడు రోజులు అలవాటు చేశాకే బయటికి వదలండి. గడ్డి పెరిగి తీగకు తగిలితే షాక్ బలం పడిపోతుంది. వారానికోసారి తీగకింద కోయండి.

మేకలకు 1.2 మీటర్ల ఎత్తు కావాలి. 15 సెంటీమీటర్ల గళ్ల వలలో కొమ్ముల మేక తల దూర్చి ఇరుక్కుంటుంది. గళ్లు బాగా చిన్నవో, తల వెనక్కి వచ్చేంత పెద్దవో ఉండాలి.

నీళ్లు ఎంత కావాలి?

పాలు మానిన పిల్లకు రోజుకు 2, 3 లీటర్లు, ఎదిగేదానికి 5 నుంచి 10, పాలిచ్చే తల్లికి 20 నుంచి 30. కడగడానికి పట్టేవి వేరు. నిపుల్ కుళాయి (పంది మూతితో నొక్కితే నీళ్లొచ్చేది) అయితే ఎదిగే పందికి నిమిషానికి ఒక లీటరు, తల్లికి రెండు లీటర్లు రావాలి. బకెట్టు, గడియారం పెట్టి కొలవండి. ధార సన్నగా ఉంటే పంది విసిగి తాగడం మానేస్తుంది, నీళ్లు తగ్గితే మేత తగ్గుతుంది.

నీళ్లు ఒకటి రెండు రోజులు ఆగిపోతే ఉప్పు విషమవుతుంది. దాణాలో ఉప్పు మామూలుగానే ఉన్నా సరే. పంది గుడ్డిదానిలా గోడలకు గుద్దుకుంటుంది, వెనక్కి కూలబడి మూర్ఛపోతుంది. అప్పుడు ఒక్కసారిగా తొట్టి నింపితే మెదడు వాచి చనిపోతుంది. గంటగంటకూ కొద్దికొద్దిగా తాగనిచ్చి పశువైద్యుణ్ణి పిలవండి.

దాణా ఏం పెట్టాలి? ఎంత?

పందికి మేకలా నాలుగు అరల కడుపు లేదు. పచ్చగడ్డి నమిలినా దాంతో పెరగలేదు. పచ్చిమేత చూడి పందులకు కొంతవరకు దాణాకు తోడుగా పనికొస్తుంది, ఎదిగే పిల్లలకు మాత్రం గింజ, చెక్క (నూనె తీశాక మిగిలే పిండి) ఉండాల్సిందే.

100 కిలోల దాణాకు, 15 నుంచి 50 కిలోల పందులకైతే: మొక్కజొన్న 60, సోయా చెక్క 22, తవుడు 15, ఖనిజ మిశ్రమం 2.5, ఉప్పు 0.5. మాంసకృత్తులు సుమారు 17 శాతం వస్తాయి. 50 కిలోలు దాటాక సోయా చెక్కను 12కు తగ్గించి తవుడును 25కు పెంచండి, 14 శాతం సరిపోతుంది. గింజను ముతక రవ్వలా ఆడించండి. మరీ పిండి చేస్తే కడుపులో పుండ్లు పడతాయి, గింజలు నిండుగా ఉంటే అరగకుండా పేడలో కనిపిస్తాయి. సోయా గింజను పచ్చిగా పెట్టకూడదు, అందులోని పదార్థం మాంసకృత్తుల అరుగుదలను అడ్డుకుంటుంది. అడుగులో ఉప్పు, ఖనిజ మిశ్రమం మిగిలిపోకుండా వాటిని ముందు ఐదారు కిలోల తవుడులో కలిపి, ఆ తర్వాత మొత్తంలో కలపండి.

20 కిలోల పంది రోజుకు కిలో తింటుంది. 40 దగ్గర 1.7 కిలోలు, 60 దగ్గర 2.4, 90 దగ్గర 3 కిలోలు. కిలో బరువు పెరగడానికి సుమారు 3 కిలోల దాణా పడుతుందని లెక్కేసుకుంటే, 15 కిలోల పిల్ల 90 కిలోలు అయ్యేసరికి 230 నుంచి 250 కిలోలు తింటుంది. రెండింటికి అర టన్ను. మంచి పోషణలో దీనికి నాలుగు, నాలుగున్నర నెలలు పడుతుంది. ఖర్చులో పెద్ద వాటా దాణాదే కాబట్టి ఈ అర టన్ను ఎక్కడినుంచి వస్తుందో తేల్చుకోకుండా పిల్లలను కొనకండి.

బూజు పట్టిన గింజను పందులకు పడేసే అలవాటు చాలాచోట్ల ఉంది. దయచేసి మానేయండి. ఒక రకం బూజు విషం కాలేయాన్ని దెబ్బతీస్తుంది, మరొకటి ఎదకు రాని ఆడపిల్లల్లో కూడా మానం వాచేలా చేస్తుంది, ఎద వరస తప్పిస్తుంది.

హోటల్ మిగుళ్లు, వంటింటి వ్యర్థాలు పెట్టవచ్చా?

మాంసం తగిలిన మిగుళ్లు వద్దు. పందులను వరసగా చంపే ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ వైరస్ ఉప్పు పట్టించి ఆరబెట్టిన పంది మాంసంలో నెలల తరబడి బతుకుతుంది. గాలికుంటు కూడా ఈ దారినే వస్తుంది. 2001లో బ్రిటన్‌లో గాలికుంటు మహమ్మారి ఉడికించని మిగుళ్లు తిన్న పందుల దగ్గర మొదలైందని తేల్చారు. దాన్ని ఆపడానికి 60 లక్షలకు పైగా జీవాలను చంపాల్సివచ్చింది. అందుకే ఎన్నో దేశాల్లో ఇది చట్టవిరుద్ధం. అనుమతి ఉన్న చోట కూడా మిగుళ్లను కలుపుతూ కనీసం గంటసేపు తెర్లనివ్వాలి. పచ్చిది, ఉడికింది ఒకే బకెట్టులో మోస్తే ఉడికించి లాభం లేదు. తోటలో మిగిలిన కాయగూరలు, ఆకులు నేరుగా పెట్టవచ్చు. ఆకుపచ్చగా మారిన బంగాళాదుంపలు, పచ్చి కర్రపెండలం మాత్రం పెట్టవద్దు.

ఒకే దాణా అన్నిటికీ పెట్టవచ్చా?

వద్దు. పంది దాణాలో ఎదుగుదల కోసం రాగి (కాపర్) ఎక్కువ కలుపుతారు. గొర్రె కాలేయంలో ఆ రాగి పేరుకుపోయి, వారాలో నెలలో గడిచాక ఒక్కసారిగా ఎర్ర మూత్రం పోసి చనిపోతుంది. కోళ్ల దాణాలో రక్త పారుడు రాకుండా కలిపే మోనెన్సిన్ లాంటి మందులు గుర్రానికి కొద్ది మోతాదులోనే ప్రాణాంతకం. మేక గింజల బస్తాలో తల దూర్చి పొట్టనిండా తింటే కడుపులో ఆమ్లం పెరిగి ఒకటి రెండు రోజుల్లో పోవచ్చు. దాణా గదికి తలుపు, గడియ ఉండాలి. బస్తాల మీద ఏ జీవానిదో పెద్ద అక్షరాలతో రాయండి.

కోళ్లు, బాతులు, పందులు కలిసి తిరగవచ్చా?

కలపకండి. పందికి పక్షుల ఫ్లూ, మనుషుల ఫ్లూ రెండూ సోకగలవు. ఆ రెండు వైరస్‌లు పందిలో కలిసి కొత్తవి పుట్టే అవకాశముంది. పైగా పంది కోడిపిల్లను దొరికితే తినేస్తుంది. మధ్యలో వల, వేరే నీళ్లు ఉండాలి.

కోళ్లకు లోపల చదరపు మీటరుకు నాలుగు, కూర్చునే కర్రమీద ఒక్కోదానికి 20 సెంటీమీటర్లు, నాలుగైదు పెట్టలకు ఒక గుడ్ల పెట్టె. పెట్ట రోజుకు 110 నుంచి 120 గ్రాములు తింటుంది. గుల్లల పొడిని విడిగా గిన్నెలో పెడితే కావలసినంత తనే తీసుకుంటుంది. గుడ్డు పెంకు పలచబడితే ముందు ఆ గిన్నె చూడండి. బాతులకు ఈత కొలను అవసరం లేదు, ముక్కూ కళ్లూ మునిగేంత లోతు తొట్టి చాలు.

ఎండకు పందులు ఎందుకు తట్టుకోలేవు?

వాటికి చెమట పట్టదు. 27 డిగ్రీలు దాటితే పెద్ద పంది మేత తగ్గిస్తుంది, నోరు తెరిచి రొప్పుతుంది. తడి బురద ఆరేటప్పుడు వేడి లాగేస్తుంది కాబట్టే బురద వెతుక్కుంటుంది. నీడ, బురదగుంట రెండూ ఇవ్వండి. గుంట లేకపోతే మధ్యాహ్నం రెండు, మూడుసార్లు ఒంటిమీద నీళ్లు చల్లండి. తెల్ల పందుల చెవులు, వీపు ఎండకు కాలిపోతాయి. వడదెబ్బ తిని పడిపోయినదాన్ని లేపి నడిపించకండి. నీడలోనే ఉంచి కాళ్లు, కడుపు తడపండి, గాలి తగలనివ్వండి.

ఏ జబ్బులకు భయపడాలి?

ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్‌కు చికిత్స లేదు. 2007లో జార్జియాకు, 2018లో చైనాకు చేరి, అక్కడినుంచి చుట్టుపక్కల దేశాలకు పాకింది. మనుషులకు సోకదు. తీవ్ర జ్వరం, చెవులు, పొట్ట ఎర్రబడి నీలంగా మారడం, రోజుల వ్యవధిలో వరసగా చావులు కనిపిస్తే ఏదీ అమ్మకండి, కోయకండి, తరలించకండి. వెంటనే పశువైద్య శాఖకు చెప్పండి. వేరే జబ్బైన క్లాసికల్ స్వైన్ ఫీవర్‌కు టీకా ఉంది, రెండు, మూడు నెలల వయసులో వేయిస్తారు. టీకాల పట్టికను మీ పశువైద్యుడితోనే రాయించుకోండి. ఒక ప్రాంతంలో ఉన్న జబ్బు మరోచోట ఉండదు.

ఒక థర్మామీటరు కొనండి. పందికి 38 నుంచి 39.5 డిగ్రీలు, మేకకు 39 నుంచి 40, ఆవుకు 38.5 మామూలు. ఫోన్‌లో వైద్యుడికి “నలతగా ఉంది” అనేకంటే “41 డిగ్రీలుంది, నిన్న సాయంత్రం నుంచి తినలేదు” అని చెబితే ఆయన చేయగలిగింది చాలా ఉంటుంది.

క్రిమినాశని చల్లే ముందు పేడంతా గీకి కడగాలి. పేడ మీద చల్లిన మందు పేడలోనే చచ్చుబడిపోతుంది.

పందుల నుంచి మనుషులకు ఏమైనా వస్తాయా?

బద్దెపురుగు సంగతి తప్పక తెలుసుకోవాలి. మనిషి మలంలోని గుడ్లను పంది తింటే దాని కండలో గింజల్లాంటి తిత్తులు తయారవుతాయి. ఆ మాంసం సరిగా ఉడకకుండా తిన్న మనిషి పేగులో బద్దెపురుగు పెరుగుతుంది. ఆ మనిషి మలంలోని గుడ్లు చేతుల ద్వారానో నీటి ద్వారానో ఇంకొకరి నోట్లోకి చేరితే తిత్తులు మెదడులో ఏర్పడి మూర్ఛ రావచ్చు. మరుగుదొడ్డి వాడకం, పందులను బయట తిరగనివ్వకపోవడం, ఈ రెండూ ఉంటే ఆ వలయం తెగిపోతుంది.

మెదడువాపు వైరస్ పందుల్లో పెరిగి క్యూలెక్స్ దోమల ద్వారా మన ఇంటి చిన్నారులకు చేరుతుంది. పాక ఇంటికి దూరంగా ఉండాలి, కాలువలో నీరు నిలవకూడదు. పాక మీదికి పండ్ల చెట్లు వాలకుండా చూడండి. 1998-99లో మలేషియాలో నిపా వైరస్ పండ్లు తినే గబ్బిలాల నుంచి పందులకు, పందుల నుంచి మనుషులకు పాకింది.

తూకం యంత్రం లేకుండా బరువు ఎలా తెలుస్తుంది?

టేపుతో. ముందుకాళ్ల వెనకగా ఛాతీ చుట్టుకొలత, చెవుల మధ్య నుంచి తోక మొదలు దాకా పొడవు, రెండూ మీటర్లలో తీసుకోండి. చుట్టుకొలతను చుట్టుకొలతతో, ఆపైన పొడవుతో, ఆపైన 69.3తో గుణించండి. చుట్టుకొలత 1 మీటరు, పొడవు 1.05 మీటర్లు అయితే సుమారు 73 కిలోలు. మేతకు ముందు, తల నిటారుగా ఉన్నప్పుడు కొలవాలి. నట్టల మందు మోతాదుకు, అమ్మకానికి ఇది చాలు.

తల్లి పందిని ఉంచుకుంటే ఈత సమయంలో ఏం చేయాలి?

ఎద 21 రోజులకోసారి వస్తుంది. నడుంమీద రెండు చేతులతో నొక్కితే కదలకుండా చెవులు నిక్కబొడుచుకుని నిలబడితే ఎద కుదిరినట్టు. అలా నిలబడిన 12 గంటలకు ఒకసారి, 24 గంటలకు మరోసారి దాటించాలి. తొలిసారి ఎనిమిది నెలలు, 120 కిలోలు నిండాకే. ఒకటి రెండు ఆడపందుల కోసం పోతును మేపడం దండగ. కృత్రిమ గర్భధారణ దొరికితే అదే మేలు, పోతును అరువు తెస్తే దానితో జబ్బులూ వస్తాయి.

చూలు 114 రోజులు. మూడు నెలలు, మూడు వారాలు, మూడు రోజులని గుర్తుపెట్టుకోండి. చూడి పందికి రోజుకు 2 నుంచి 2.5 కిలోలు చాలు. కొవ్వెక్కితే ఈత కష్టమవుతుంది, పిల్లలను నలిపేస్తుంది. వారం ముందు కడిగి ఈత గదిలోకి మార్చండి. గోడల చుట్టూ నేలకు 25, గోడకు 25 సెంటీమీటర్ల దూరంలో ఇనుప పైపు బిగించండి. తల్లి గోడకు జారగిలబడి పడుకున్నప్పుడు పిల్ల ఆ సందులోకి తప్పుకుంటుంది. ఒక మూలలో తల్లి దూరలేని అర కట్టి, పైన దీపం వేలాడదీయండి. పుట్టిన పిల్లకు 32 నుంచి 34 డిగ్రీల వేడి కావాలి, తల్లికి 20 చాలు. చలిపట్టిన పిల్ల వెచ్చదనం కోసం తల్లి పొట్టకిందే ముడుచుకుంటుంది, అక్కడే నలిగిపోతుంది. పిల్లల చావుల్లో ఎక్కువ మొదటి మూడు రోజుల్లోనే జరుగుతాయి. ఆ మూడు రోజులు రాత్రిళ్లు ఎవరో ఒకరు మేలుకోవాలి.

పిండితే చనుమొనల నుంచి పాలు ధారగా వస్తుంటే సాధారణంగా ఒక రోజులోపే ఈనుతుంది. పిల్లకూ పిల్లకూ మధ్య 15, 20 నిమిషాలు మామూలు. ముక్కుతూ కూడా గంటలోపు పిల్ల రాకపోతే వైద్యుడు కావాలి. పుట్టగానే మూతి మీది పొర తుడిచి, బొడ్డు అయొడిన్‌లో ముంచి, చనుమొన పట్టించండి. మొదటి ఆరు గంటల ముర్రుపాలతోనే రోగనిరోధక శక్తి వస్తుంది, రోజు దాటితే పేగు దాన్ని పీల్చుకోలేదు. మూడో రోజున 200 మిల్లీగ్రాముల ఇనుము ఇంజెక్షన్ మెడ కండలో వేయాలి. తల్లి పాలలో రోజుకు ఒక మిల్లీగ్రాము దాకానే వస్తుంది, పిల్లకు కావలసింది ఏడు దాకా. ఇంజెక్షన్ మానేస్తే మూడో వారానికి పిల్లలు పాలిపోయి రొప్పుతాయి.

ఈనిన తల్లికి తన కోసం 2 కిలోలు, ఒక్కో పిల్లకు అర కిలో చొప్పున, వారంలో మెల్లగా పెంచుతూ ఇవ్వండి. పొదుగు గట్టిపడి, జ్వరమొచ్చి, పిల్లలను రానివ్వకుండా బోర్లా పడుకుంటే అదే రోజు చికిత్స చేయించాలి, లేకపోతే పిల్లలు ఆకలితో పోతాయి. ఆరు నుంచి ఎనిమిది వారాలకు పాలు మాన్పించేటప్పుడు తల్లిని తీసుకెళ్లండి, పిల్లలను అదే గదిలో ఉంచండి. తల్లి 4 నుంచి 7 రోజుల్లో మళ్లీ ఎదకొస్తుంది.

మాంసానికి పెంచే మగపిల్లలకు మొదటి వారంలోనే వట్టలు తీయించాలి. లేకపోతే ఎదిగాక మాంసానికి దుర్వాసన వస్తుంది.

మేకలకు ఎంత మేత?

30 కిలోల మేకకు రోజుకు కిలో ఎండు పదార్థం (మేతలో తేమ పోగా మిగిలేది), అంటే 4, 5 కిలోల పచ్చిమేత. మేతను నేలమీద వేయకండి, తొక్కినదాన్ని ముట్టదు. తొట్టెలో ఎత్తున కట్టండి. పొలంలో నట్టల పిల్లలు వెచ్చని తడి వాతావరణంలో వారంలోపే గడ్డికొసలకు ఎక్కుతాయి. కాబట్టి ఒక మడిలో నాలుగైదు రోజులు మేపి మార్చి, ఆరేడు వారాల తర్వాతే మళ్లీ అక్కడికి తోలండి. కనురెప్ప లోపల తెల్లబడినవాటికే మందు వేయండి. మందకంతా ప్రతిసారీ వేస్తే నట్టలు మందుకు అలవాటుపడిపోతాయి. పి.పి.ఆర్. (జ్వరం, పారుడుతో మేకలను చంపే వైరస్ జబ్బు), చిటుక రోగం టీకాలు మరవద్దు. మొలక జొన్న, మోకాలెత్తు లోపు జొన్న మేపితే సైనైడ్ విషంతో నిమిషాల్లో పడిపోతాయి.

పేడ, వాసన సంగతి?

వాసన ఎక్కువగా మూత్రం, పేడ కలిసి నిలవడం వల్ల వస్తుంది. రోజూ పొడిగా గీకి తీసి, ఆ తర్వాతే కడగండి. తీసిన పేడలో అంతకు రెండింతల ఎండుగడ్డి కలిపి, నీళ్ల బావికి కనీసం 30 మీటర్ల దూరంలో, మీటరున్నర ఎత్తు కుప్పగా వేయండి. ఇనుప కడ్డీ లోపలికి గుచ్చి పది నిమిషాలకు తీస్తే చేత్తో పట్టుకోలేనంత వేడిగా ఉండాలి. చల్లగా ఉంటే తడి తక్కువో, గాలి ఆడడం లేదో, తిరగేయండి. కుళ్లు వాసన వస్తే గడ్డి తక్కువైంది. 55 డిగ్రీల వేడిలో ప్రతి భాగమూ కొన్ని రోజులు గడపాలి, అందుకే రెండు వారాల్లో నాలుగైదుసార్లు తిరగేయడం. పచ్చి పేడను కూరగాయల మడిలో వేస్తే కోతకు నాలుగు నెలల ముందే వేయాలి.

పందిని బండెక్కించడం ఎలా?

ముందురోజు నుంచే బండి పలకమీద మేత పెట్టి అలవాటు చేయండి. కొట్టి తోలితే వెనక్కే తిరుగుతుంది. మోకాలి నుంచి నడుం ఎత్తు దాకా ఉండే చెక్క పలకను ఇద్దరు పట్టుకుని వెనక నిలబడితే చాలు, కళ్లకు దారి కనిపించని వైపు అది పోదు. మొండికేస్తే తలకు బకెట్టు తొడగండి. దాన్ని వదిలించుకోవాలని వెనక్కి నడుస్తుంది, తోక పట్టుకుని కావలసిన దిక్కుకు తిప్పవచ్చు. కోతకు ముందు 12 గంటలు మేత ఆపి నీళ్లు మాత్రం ఉంచండి. ఏ మందు వేసినా, దాని సీసామీద రాసిన గడువు రోజులు పూర్తయ్యాకే పంపాలి. అందుకే మందు పేరు, తేదీ, మోతాదు, ఏ జీవానికి వేశారో పాక గోడకు వేలాడే పుస్తకంలో ఆ రోజే రాయండి.